వ్యసన విముక్తి చికిత్స: రోగి మాట, ఇంటివారి మాట
(కార్మిక సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



జీతభత్యములను, డ్యూటీ వేళలను గూర్చి మనము తరచు చర్చించుచుందుము. ఇంటి తలుపుల వెనుక దాగియున్న ఒక బాధను గూర్చి నేడు మాట్లాడదలచితిని. 2019లో కేంద్ర ప్రభుత్వము వెల్లడించిన జాతీయ సర్వే ప్రకారము, మద్యమునకు బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్స పొందినవారు 38 మందికి ఒక్కరు. ఆసుపత్రిలో చేరినవారు 180 మందికి ఒక్కరు. తక్కినవారు ఏల రాలేదు?

రోగిని అడిగినచో, నలుగురిలో పరువు పోవునన్న సిగ్గు, ఉద్యోగము పోవునన్న భయము అనును. బండి నడుపువారికి డ్యూటీకి ముందు శ్వాస పరీక్ష కలదు. ప్రయాణికుల రక్షణకు అది అవసరమే. దానిని మనము కాదనము. కాని పట్టుబడకముందే సహాయము కోరి వచ్చినవానికి దారి చూపవలదా?

భార్య బాధ వేరు. మందులిచ్చి పంపుదురే గాని, ఇంటివద్ద తానేమి చేయవలెనో చెప్పువారు లేరని ఆమె ఫిర్యాదు. దిక్కు తోచక కొందరు మనిషిని గదిలో బంధించి హఠాత్తుగా మాన్పింతురు. ఏండ్ల తరబడి అధికముగా త్రాగినవానికి దానివలన మూర్ఛలు, మతిభ్రమణము కలిగి ప్రాణమునకే ముప్పు రావచ్చును. వైద్యుని పర్యవేక్షణలో మాన్పించుటయే క్షేమము.

భర్త టి.టి. రంగనాథన్ మద్యవ్యసనమునకు బలియైన పిమ్మట, శాంతి రంగనాథన్ 1980లో మద్రాసులో చికిత్సా సంస్థను స్థాపించిరి. కుటుంబ వేదననుండి పుట్టిన సంస్థ గనుక, అందు ఇంటివారికిని ప్రత్యేక కార్యక్రమము ఏర్పడినది. పిమ్మట ఆ సంస్థ తమిళనాడులోని మంజక్కుడి గ్రామమున శిబిరములు నడిపి, చికిత్సను పల్లె ముంగిటికి తెచ్చినది. దగ్గరనే అయినచో అందరికిని తెలియును గదా యని శంక కలుగవచ్చును. కాని తనవంటివారు పదిమంది ప్రక్కన కూర్చున్నప్పుడు సిగ్గు తగ్గును. ఊరివారి అండ లభించును.

మరల త్రాగినంతనే అంతయు వ్యర్థమైనదని ఇంటివారు నిరాశ చెందుదురు. మధుమేహమువలె ఇదియు దీర్ఘకాల వ్యాధియే. మాన్పించుట కొన్ని దినముల పని; నిలుపుట ఏండ్ల పని.

కావున మన కోర్కెలివి: రైల్వే ఆసుపత్రులలోను, తపాలా ఉద్యోగుల వైద్య సదుపాయములలోను ఈ చికిత్స అందవలెను. కుటుంబమునకు సలహా చికిత్సలో భాగము కావలెను. రోగి వివరములు గోప్యముగా నుండవలెను. స్వయముగా వచ్చినవానికి సెలవు, ఉద్యోగ భద్రత కల్పించవలెను. ప్రభుత్వ ఉచిత సహాయ ఫోను 14446ను ప్రతి శాఖ తన నోటీసు బోర్డుపై వ్రాయవలెను.

వ్యాధితో పోరాడుదము, వ్యాధిగ్రస్తుడైన సోదరునితో కాదు.