బాణపు పింజ: క్రొత్త పనిముట్ల మంచిచెడ్డలు



కచేరీలో కాగితములు ఒకదానివెంట నొకటి వచ్చిపడునప్పుడు అవి పుంఖానుపుంఖముగా వచ్చుచున్నవని తెలుగువారందురు. అది విలుకాండ్ర మాట. పుంఖమనగా బాణపు తోక, తెనుగున పింజ. సంస్కృతమున పత్రి యనగా పక్షియు నగును, బాణమును నగును. ఱెక్క లేని బాణము తిన్నగా పోదని పూర్వు లెఱుగుదురు.

కోల్‌కతాకు విలువిద్యతోడి సంబంధము చిన్నది కాదు. 2007లో దుబాయిలో జరిగిన ప్రపంచకప్పు తుదిపోటీలో స్వర్ణపతకము గెలిచిన దోలా బెనర్జీ బరానగరపు ఆడపడుచు. 2024 పారిస్ ఒలింపిక్సులో విజయవాడ యువకుడు బొమ్మదేవర ధీరజ్, కోల్‌కతా యువతి అంకితా భకత్ జంటగా నిలిచి, కంచుపతకపు పోటీలో అమెరికా జంటకు ఓడి, నాలుగవ స్థానమున ఆగిరి. అచ్చట గుఱి దూరము 70 మీటర్లు. నడుమనుండు పది మార్కుల వలయపు అడ్డుకొలత 12.2 సెంటీమీటర్లు. నడిబొడ్డునుండి డిగ్రీలో ఇరువదియవ వంతు తొలగినచో బాణము ఆ వలయపు అంచు చేరును.

పింజ చేయు పని తేలికగనే చెప్పవచ్చును. తోక ప్రక్కకు తిరుగబోయినప్పుడు గాలి దానిని పట్టి సరిచేయును. కొంచెము ఏటవాలుగా నతికించినచో బాణము తనచుట్టు తాను తిరుగుచు పోవును. మూడు ఱెక్కలును 120 డిగ్రీల ఎడముతో, ప్రతి బాణముపై ఒకే తీరున నుండవలెను. ఇంత చిన్న పనికి నేడు బజారున పనిముట్లు పెక్కు. ఇంట విలువిద్య నేర్చు పిల్ల ప్రతి క్రొత్తదానిని కొనుమనును. జీతము మాత్రము నెల కొక్కసారియే వచ్చును.

పాతది లోహపు అచ్చు. ఒక్కొక్క ఱెక్కను పట్టుకఱ్ఱున బిగించి, జిగురు రాసి, కాడ కదిమి, ఆరిన పిదప కాడను త్రిప్పి రెండవదాని కెక్కవలెను. డజను బాణములకు ముప్పదియాఱు ఱెక్కలు! ఆదివారము సాయంకాలము అందులోనే కరగిపోవును. మూడింటిని ఒకేసారి అతికించు క్రొత్త అచ్చులు కాలము మిగిల్చును. కాని నేటి కార్బను కాడలు సన్ననివి. అచ్చు వదులుగ నున్నచో ఱెక్కలు బాణమున కొక తీరుగ కూర్చుండును. అట్టి వేగము వలన ఫలమేమి?

ఱెక్కలతో కూడిన గొట్టమును కాడకు తొడిగి వేడినీట ముంచినచో బిగిసికొను సాధనమొకటి కలదు. చూచుటకు ముచ్చటయే. ఒక్క ఱెక్క చినిగినచో గొట్టమంతయు కోసి పాఱవేయవలెను. తోకకు బరువును పెరుగును. త్రిమితీయ ముద్రణయంత్రమున అచ్చొత్తిన ప్లాస్టికు అచ్చులు చవుక. వానిలో పెక్కింటికి వాడు పి.ఎల్.ఎ. ప్లాస్టికు 60 డిగ్రీల సెల్సియస్ సుమారున మెత్తబడును. వైశాఖపు టెండలో మూసిన కారున దాని నుంచుట తగదు.

వీనినన్నిటికంటె ముందడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. పిల్ల యే ఱెక్క వాడుచున్నది? ఒలింపిక్సు తరహా విల్లు పట్టువారు పలువురు పలుచని వంపు ఱెక్కలను రెండువైపుల నంటుకొను పట్టీతో అతికింతురు. వారికి ఖరీదైన అచ్చు అక్కఱలేదు. కాడపై గీతలు సరిగ గీయు చిన్న సాధనము చాలును. పక్షి యీకలు వాడు క్రొత్తవారికి అచ్చు పనికివచ్చును. బెంగాలు వానలో మాత్రము ఆ యీకలు తడిసి వ్రాలిపోవును.

కొనక పూర్వము ఎరవు తెచ్చి పరీక్షించుట మేలు. ఆఱు బాణములకు ఆ పనిముట్టుతో పింజ కట్టి, అంకెలు వేసి, కొన్నిదినములు గుఱికి వేయవలెను. పోటీ నిబంధన ప్రకారము ఒక విడత బాణము లన్నియు పింజ రంగుతో సహా ఒకే తీరుగ నుండవలెను గావున, ఆ యలవాటును ఇచ్చటనే అబ్బును. నాలుగవ అంకె బాణ మొక్కటియే ప్రతిమాఱు ఎడమకు తొలగుచున్నచో, దాని పింజ విప్పి మఱల నతికించి చూడవలెను. అప్పటికిని తొలగినచో తప్పు కాడది; పనిముట్టును నిందింపరాదు.