పందెపు సైకిలు, బాటప్రక్క చెత్త

(చిలకలూరిపేట పఠనమందిరమున చేసిన ప్రసంగపాఠము)



సైకిలు పందెములను గూర్చి పేటలో ప్రసంగమేమని మీలో కొందఱు నవ్వుకొనుచుండవచ్చును. మేమును మొదట నవ్వితిమి. పిమ్మట పురుషోత్తమపట్నపు ప్రభలు జ్ఞప్తికి వచ్చి నవ్వు మానితిమి.

శివరాత్రికి కోటప్పకొండకు ప్రభలు కదలునపుడు చూచుటకు టిక్కెట్టు కొనువాడెవడు? బాటయే రంగస్థలము, త్రోవను పోవువాడే ప్రేక్షకుడు. 1903లో ఆరంభమైన ఫ్రాన్సు దేశపు మహాపందెము, టూర్ డి ఫ్రాన్సు, సరిగా ఇట్టిదే. పందెగాండ్రు మూడు వారములు ఊరూర తిరుగుదురు; జనులు ఉచితముగా గట్లమీద నిలిచి చూతురు. ప్రభకు ఊరివారు చందాలు వేసికొందురు. అచ్చట చందా వేయువారు వర్తక సంస్థలు. పందెగాని వీపుమీద వారి పేరుండును. పందెమునకు ముందు వారి ప్రచార శకటములు కానుకలు వెదజల్లుచు పోవును. ఇంజను లేని వాహనపు ఉత్సవమునకు ముందువెనుకల ఇంజనులే! తిరునాళ్ల మరునాడు కొండక్రింద ఏమి మిగులునో మీకు మేము చెప్పనక్కరలేదు.

ఈ చెత్తను చూచియే అంతర్జాతీయ సైకిలు సమాఖ్య 2021 ఏప్రిలు 1 నుండి ఒక కట్టడి చేసెను: నియమిత స్థలములందు దప్ప అన్యత్ర బుడ్డిగాని పొట్లముగాని విసరినవానికి శిక్ష. నాలుగవ తేదీననే ఫ్లాండర్సు పందెమున స్విట్జర్లాండు వాడగు మైకేల్ షేర్ తన నీటిబుడ్డిని బాటప్రక్కనున్న అభిమానులవైపు విసరి పందెమునుండి వెడలగొట్టబడెను. ఆయన బహిరంగలేఖ వ్రాసెను. బాల్యమున తల్లిదండ్రులతో టూరు చూడబోయి, పందెగాడొకడు విసరిన బుడ్డిని ఇంటికి తెచ్చి దాచుకొన్నవాడట! అదే నెలలో శిక్షను సడలించిరి. మేమీ విషయమున షేర్ పక్షము. బాలుడు పట్టుకొన్న బుడ్డి చెత్త కాదు. ఎవరును పట్టుకొనక చేనిలో పడినదే చెత్త. చట్టమున కీ భేదము తెలియుట కష్టమే యనుకొనుడు.

అయినను బుడ్డిని పట్టుకొన్న చట్టము అంగీని విడిచెనని మా ఫిర్యాదు. 2018 టూరులో బ్రిటిషు జట్టగు టీమ్ స్కై తిమింగిలపు బొమ్మ వేసిన అంగీలు తొడిగి, సముద్రములను ప్లాస్టికునుండి కాపాడుడని చాటెను. 2019 మే నెలలో అదే జట్టు, ప్లాస్టికుల ముడిసరకు నుత్పత్తి చేయు ఇనియోస్ సంస్థ పేరు ధరించెను. పందెగాండ్రు వారే; తిమింగిలము మాయమయ్యెను.

ఇందుకు భిన్నమైన జట్టొకటి కలదు. 2015లో టూరున పాల్గొన్న తొలి ఆఫ్రికా జట్టగు ఎమ్.టి.ఎన్.-క్యుబెకా, బడిపిల్లలకు సైకిళ్ల నిచ్చు ధర్మసంస్థ పేరును మోసెను. ఆ జూలై 18న, మండేలా జన్మదినమున, ఆ జట్టువాడు స్టీవ్ కమింగ్స్ ఒక దినపు పందెము గెలిచెను. తుదకు చందాదారు దొరకక 2021తో ఆ జట్టు అగ్రశ్రేణినుండి తప్పుకొనెను. ప్లాస్టికునకు దొరకిన ధనము బడిపిల్లల సైకిలునకు దొరకలేదు.

మన తెలుగునాట హైదరాబాదు వెలుపలి వలయమార్గము ప్రక్కను 2023 అక్టోబరు 1న 23 కిలోమీటర్ల సైకిలు బాట తెఱచిరి. దాని కప్పు సౌరఫలకములది. శక్తి 16 మెగావాట్లు. పైన విద్యుత్తు, క్రింద నీడ. మెచ్చదగిన పనియే. కాని కారు వెనుక సైకిలు కట్టి తెచ్చుకొనువానికి ఆ నీడ ఎంత యుపకారమో, కూలికి పోవువాని కంత కాదు. మన నూలుమిల్లుకు సైకిలుపై పోవువాడు రహదారి అంచున లారీల గాలికి ఊగుచు పోవుచున్నాడు.

రేపెవరైన ఈ త్రోవను పందెము నడపుదుమని వచ్చినచో, అంగీమీది పేరెవరిదో, మరునాడు చెత్త నెత్తువారెవరో, పందెమునకై బాగుచేసిన అంచుబాట మిల్లుకూలికి మిగులునో లేదో పురపాలక సంఘమును మీరే యడుగుడు. అడుగుచున్న మీరెవరని వారందురేమో, పేరు చెప్పుడు.