సుంకి ఘాట్‌లో చలికాలపు కారు ప్రయాణం

సాలూరు దాటాక సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి, సెమిలిగుడ మీదుగా కొరాపుట్ చేర్చే 26వ నంబరు జాతీయ రహదారిని చలికాలం తెల్లవారుజామున పొగమంచు కమ్మేస్తుంది. అప్పుడు కారు ముందరి అద్దం లోపలివైపు కూడా మసకబారుతుంది. అది మన ఊపిరిలోని తేమే. గుడ్డతో తుడిచినా మళ్లీ పడుతుంది. గాలిని అద్దం మీదికి మళ్లించి, హీటరు, ఏసీ రెండూ వేయండి. చలిలో ఏసీ ఎందుకంటారా? అది గాలిలోని తేమను లాగేస్తుంది, హీటరు ఆ పొడిగాలిని వేడిచేస్తుంది. లోపలిగాలినే తిప్పే మీట మాత్రం ఆపేసి, బయటిగాలి రానివ్వండి. ఇవన్నీ బయలుదేరే ముందే చూసుకోవాలి.

పాటల సౌండు బాగా తగ్గించండి. మలుపు అవతలి లారీ కనబడకముందే దాని హారన్ మన చెవిన పడాలి.

అన్నిటికన్నా నాకు భయమనిపించేది మరొకటి ఉంది. ఈ దారికి దగ్గర్లో 1,672 మీటర్ల ఎత్తున్న దేవమాలి కొండ మీద సూర్యోదయం కోసం రాత్రే చేరినవాళ్లు చలికి తాళలేక, అద్దాలు బిగించి, ఇంజను నడుస్తుండగానే నిద్రపోవచ్చు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. అది లోపలికి చేరితే నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దయచేసి ఇంజను ఆపేసి, అద్దం కాస్త దించి, దుప్పట్లు కప్పుకుని పడుకోండి.