కెమేరా హద్దులు – ఛాయాగ్రాహకుని నేర్పు
(ప్రసంగ పాఠము)



ఉగాది నాటి సాయంకాలము ఏ తెలుగు సంఘపు సభామందిరమున చూచినను ఒక దృశ్యము తప్పక కానవచ్చును. వేదికపై ఒక బాలిక కూచిపూడి నాట్యము చేయుచుండును. ఆమె తండ్రి పదియవ వరుసలో లేచి నిలుచుండి, సెల్‌ఫోను పైకెత్తి చిత్రములు తీయుచుండును. ఇంటికి పోయి చూచుకొనగా ఆ చిత్రములలో బాలిక ముఖము తెల్లని మచ్చవలెను, చేతులు పొగవలెను ఉండును. "ఈ కెమేరా పనికిరాదు, క్రొత్తది కొనవలెను" అని ఆ తండ్రి నిశ్చయించుకొనును. మరుసటి యేడు క్రొత్తది వచ్చును. చిత్రములు మాత్రము మునుపటివలెనే యుండును.

ఆడలేక మద్దెల ఓడన్న సామెత తెలుగువారందరును ఎరిగినదే. అయితే ఒక్కొక్కప్పుడు మద్దెల నిజముగనే ఓటిదై యుండవచ్చును. అది ఎక్కడ పలుకునో, ఎక్కడ పలుకదో తెలిసిన విద్వాంసుడు దానితోనే కచేరీ నడుపగలడు. ఛాయాగ్రహణమునందును సంగతి ఇంతియే. లోకమున హద్దులు లేని కెమేరా లేదు. చౌకదానికిని హద్దులున్నవి, లక్ష రూపాయల దానికిని హద్దులున్నవి. అవి వేరువేరు చోట్ల నుండుటయే భేదము. తన చేతిలోని యంత్రము ఎంతవరకు పోగలదో ఎరిగినవాడు దాని నంతవరకు నడిపి, మిగిలిన పని తన తెలివితో పూర్తిచేసికొనును.

ఈ మాటకు హైదరాబాదు చరిత్రలోనే గొప్ప నిదర్శన మున్నది. 1844లో మీరట్ సమీపమునగల సర్ధానాలో జన్మించిన లాలా దీన్ దయాళ్ రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇండోరులో పనుల శాఖయందు పటములు గీయు ఉద్యోగిగా చేరెను. ఛాయాగ్రహణము ఆయనకు మొదట జీవనోపాధి కాదు. ఉద్యోగము చేయుచు అభ్యసించిన విద్య. తరువాత ఆయన ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, రాజా బిరుదము పొంది, 1905లో కీర్తిశేషుడయ్యెను.

ఆ కాలపు సాధనములు ఎట్టివో తలచుకొన్నచో నేటివారికి ఆశ్చర్యము కలుగును. తొలినాళ్ల పద్ధతిలో గాజుపలకపై రసాయనమును పూసి, తడి యారక మునుపే చిత్రము తీసి, వెంటనే చీకటి గుడారములోనికి కొనిపోయి కడుగవలసి యుండెను. పిమ్మట వచ్చిన పొడి పలకలు వాడుకకు సులువైనవే గాని, కాంతిని గ్రహించుటలో నేటి సాధనములకంటె మిక్కిలి మందమైనవి. అట్టి యంత్రముతో పరుగెత్తు గుఱ్ఱమును పట్టవలెనని పంతగించుటకంటె, కదలని కోటలను, గుడులను, కదలక కూర్చుండగల మనుష్యులను ఎన్నుకొని, కెమేరాను ముక్కాలిపీటపై స్థిరముగ నిలుపుట వివేకము. దీన్ దయాళ్ చిత్రములలో నేటికిని కనిపించు గాంభీర్యము, నిశ్చలత కొంతవరకు ఆ హద్దునుండియే పుట్టినవి.

అంత దూరము పోనక్కర లేదు. 1960 తరువాతి దశకములలో ఉద్యోగుల ఇండ్లలో ఆగ్ఫా క్లిక్ త్రీ అను చిన్న కెమేరా విరివిగా కనిపించెడిది. ఒక ఫిలిము చుట్టకు పండ్రెండే చిత్రములు. కటకమును దూరమునకు తగినట్లు సవరించు వీలులేదు. షట్టరునకు ఒకటే వేగము. అయినను ఆనాటి గృహస్థునకు ఆ పెట్టె గుణదోషములు కంఠస్థములు. సూర్యుడు తీయువాని వీపువైపున ఉండవలెను. చిత్రమున పడువారు సుమారు పదియడుగుల దూరమున నిలువవలెను. మీట నొక్కునపుడు ఊపిరి బిగబట్టవలెను. అందుచేతనే ఆ యిండ్లలోని ఆల్బములలో పెండ్లికూతుళ్లును, తాతలును నేటికిని స్పష్టముగ కనిపించుచున్నారు.

నేటి ఫోను ఆ పెట్టెకంటె ఎన్నో రెట్లు సమర్థమైనది. కాని అది తన హద్దులను పైకి చెప్పదు. వెలుతురు చాలనపుడును చిత్రము తీసియే యిచ్చును. తప్పు తరువాత తెలియును. కనుక దాని హద్దులను తీయువాడే విచారించి తెలిసికొనవలెను. వానిలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది కాంతి. చీకటి హాలులో చాలినంత కాంతిని పోగుచేసికొనుటకై కెమేరా తన షట్టరును ఎక్కువసేపు తెరచియుంచును. అది సెకనులో ముప్పదియవ వంతు తెరచియున్నదనుకొన్నచో, సెకనుకు ఆరడుగుల వేగముతో కదలు నర్తకి చేయి ఆ కొద్దికాలముననే రెండంగుళములకు పైగా జరుగును. చేతులు పొగవలె కనిపించుటకు కారణ మిదియే. సెకనులో రెండువందల యేబదియవ వంతు చాలునని షట్టరును వేగిరపరచినచో కదలిక ఆగును. కాని కాంతి ఎనిమిదవ వంతునకు తగ్గును. ఆ లోటును ఐ.ఎస్.ఓ. అంకె పెంచి పూడ్చవచ్చును గాని, చిత్రమంతయు ఇసుక చల్లినట్లు గరుకుగ మారును. ఒకచోట లాభము పొందినచో వేరొకచోట నష్టము భరింపక తప్పదు.

ఫ్లాషు ఈ చిక్కును తీర్చునని పలువురు భ్రమపడుదురు. వెలుతురు దూరము రెట్టింపైనచో నాలుగవ వంతు, మూడు రెట్లైనచో తొమ్మిదవ వంతు అగును. గైడు నంబరు పండ్రెండుగల ఫ్లాషుతో, ఐ.ఎస్.ఓ. 100 వద్ద, ఎపర్చరు ఎఫ్ నాలుగున ఉంచినచో, పండ్రెండును నాలుగుచే భాగింపగా మూడు మీటర్లు వచ్చును. అనగా పదియడుగులు. ఫోనులోని చిన్నదీపము అంతకంటెను బలహీనము. పదియవ వరుసనుండి వెలిగించిన ఫ్లాషు ముందు కూర్చున్నవారి తలలను ప్రకాశింపజేయునే గాని వేదికను చేరదు. పైపెచ్చు నాట్యము చేయువారి కన్నులకు బాధ.

ఇక్కడ తండ్రి చేయదగిన పని యేమి? ఫ్లాషును ఆపి, నిర్వాహకుల అనుమతితో ముందు వరుస చివర కూర్చుండవలెను. ముఖ్యముగా తాళము వినవలెను. జతి ముగిసి తీర్మానము పడిన క్షణమున నర్తకి ఒక భంగిమలో నిలుచును. ఎగిరినపుడును శిఖరమున ఒక్క లిప్త కదలిక మందగించును. ఆ క్షణమును ముందుగ ఊహించి మీట నొక్కినవానికి సెకనులో అరువదియవ వంతు షట్టరుతోనైనను చక్కని చిత్రము లభించును. యంత్రమునకు లేని వేగమును తాళజ్ఞానము పూరించును. ఇంట కుమార్తె సాధన చేయునపుడు నెలల తరబడి ఆ జతులు విన్న తండ్రికంటె ఆ క్షణమును బాగుగ ఎరిగినవారెవరు?

రెండవది దూరము. ఫోను తెరపై రెండు వ్రేళ్లు సాచగానే దూరపువారు దగ్గరైనట్లు తోచును. ఫోనులో దూరపు వస్తువులకై ప్రత్యేక కటకము లేనిచో అది దగ్గరకు తెచ్చుట కాదు. చిత్రపు అంచులు కత్తిరించి నడిమి భాగమును సాగదీయుటయే. పండ్రెండు మెగాపిక్సెళ్ల చిత్రమును రెండింతలు చేసినచో నిజముగ మిగులునది మూడు. నాలుగింతలు చేసినచో ముప్పాతిక. నాలుగంగుళముల వెడల్పు, ఆరంగుళముల పొడవుగల కాగితముపై మంచి ముద్రణకు, అంగుళమునకు మూడువందల చుక్కల లెక్కన, రెండు మెగాపిక్సెళ్లకు కొంచెము పైగా కావలెను. కనుక పండ్రెండు మెగాపిక్సెళ్లు తక్కువయని చింతింపనక్కరలేదు; ఉన్నవానిని వ్రేళ్లతో పారబోసికొనకున్న చాలును.

దగ్గరితనమునకును హద్దున్నది. ఫోనులోని ప్రధాన కటకము విశాలదృశ్యమును పట్టునది. దానితో ఒక అడుగు దూరమునుండి ముఖమును తీసినచో ముక్కు పెద్దదై, చెవులు వెనుకకు పోవును. ఇది కటకపు దోషము కాదు. అంత సమీపమునుండి చూచుటచే కలుగు వికారము. ఐదారడుగులు వెనుకకు జరిగి తీసి, పిదప కొంత కత్తిరించుకొన్నచో ముఖము సహజముగ నుండును. బంధువులందరును నిలుచున్న చిత్రమున అంచులనున్న వారు లావుగ సాగినట్లు కనిపించుటకును విశాలమైన కటకమే కారణము. ఛాయాగ్రాహకుడు వెనుకకు జరిగి, అందరిని చిత్రపు నడిమికి రానిచ్చిన ఆ లోపము తగ్గును.

మూడవది వెలుగునీడల వ్యత్యాసము. మండుటెండను, గుడి మంటపపు చీకటిని మానవుని కన్ను చూపు త్రిప్పిన కొలది సర్దుకొని చూడగలదు. కెమేరా ఒక్కమారుగ అంత వ్యత్యాసమును ఇముడ్చుకొనలేదు. నేటి ఫోనులు పలు చిత్రములను కలిపి కొంత సర్దును గాని పూర్తిగ సర్దలేవు. కిటికీకి వీపు పెట్టి కూర్చున్న మనుష్యుడు నల్లని నీడగ మారుట అందరికిని అనుభవమే. అతనిని కిటికీవైపు త్రిప్పి కూర్చుండబెట్టిన చాలును.

కాంతిని కొలుచు యంత్రాంగమునకు మరియొక స్వభావము కలదు. తన యెదుటనున్న దంతయు నడితరపు బూడిదరంగని అది భావించును. తెల్లపంచెలు కట్టినవారు సున్నపుగోడ ముందు నిలుచున్నచో ఆ తెలుపును బూడిదరంగుగ మార్చివేయును. అపుడు కాంతిని కొంత పెంచవలెను. నల్లని తెర ముందు దీపకాంతిలోనున్న నర్తకిని చూచి, అంతయు చీకటియని యెంచి కాంతిని పెంచివేయును. బాలిక ముఖము తెల్లని మచ్చ యగుటకు కారణ మిదియే. తెరపై ముఖమును తాకి, కాంతిని కొంత తగ్గించుకొన్నచో కన్నులు, పెదవులు తేటపడును.

ఈ హద్దులు అన్ని యంత్రములలోను ఒకే కొలతలో నుండవు. ఎవరిది వారు పరీక్షించి చూచుకొనవలెను. ఒక ఆదివారము సాయంకాలము చాలును. గోడపై వార్తాపత్రిక నతికించి, షట్టరును రెండువందల యేబదియవ వంతునుండి పదునైదవ వంతువరకు క్రమముగ తగ్గించుచు చేతితో పట్టి తీయవలెను. అక్షరములు ఎక్కడ చెదరునో అది ఆ చేతికి హద్దు. ఐ.ఎస్.ఓ.ను వందనుండి క్రమముగ రెట్టించుచు తీసినచో గరుకుదనము ఎక్కడ సహింపరానిదగునో తెలియును. ఎంత దగ్గరకు పోయినను స్పష్టముగ నుండునో చూడవలెను. ఈ మూడంకెలు ఒక చీటిపై వ్రాసి ఉంచుకొన్నచో అది క్రొత్త కెమేరాకంటె ఎక్కువ ఉపకరించును. కార్యాలయమున ప్రతి విషయమును వ్రాతపూర్వకముగ నుంచు ఉద్యోగులకు ఇది కష్టమైన పని కాదు.

హద్దు తెలిసినవాడు ఎప్పుడును హద్దులోపలనే యుండవలెనని తాత్పర్యము కాదు. 1948 జనవరి 30న ఢిల్లీలో ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు ఆన్రీ కార్తియే బ్రెసాన్ మహాత్ముని దర్శించి వచ్చిన కొలదిసేపటికే మహాత్ముని హత్య జరిగెను. ఆ రాత్రి బిర్లా భవనపు ద్వారము వద్ద నెహ్రూ ఆ వార్తను జనులకు ప్రకటించుచుండగా బ్రెసాన్ చిత్రము తీసెను. అది చీకటివేళ, వెలుతురు చాలదు. ఆ చిత్రమున రేఖలు చెదరియున్నవి. అయినను ఆ అస్పష్టతను ఎవరును దోషముగ నెంచలేదు. ఏ లోపమును సహింపవచ్చునో, దేనిని వదలుకొనరాదో ఎరిగి తీసిన చిత్రమది. ఎరుగక తీసినవాని మసకకును, ఎరిగి తీసినవాని మసకకును భేద మిట్టిది.

స్వస్థలమునకు వేల మైళ్ల దూరమున ఉద్యోగము చేయు తెలుగువారికి ఈ విద్య వినోదము మాత్రమే కాదు. ఎల్.టి.సి.పై స్వగ్రామము చేరిన కుమారుడు వంటయింటి చీకటిలో పొయ్యి యొద్ద కూర్చున్న తల్లిని ఫ్లాషు వెలిగించి తీయును. ఆమె కన్నులు మూసికొనును, ముఖము తెల్లబోవును. సెలవు ముగియును. మరుసటి యేటి సెలవు మంజూరు కావచ్చును గాని, ఆ తల్లి అప్పటికి ఉండునో ఉండదో ఎవరును చెప్పలేరు. తన కెమేరా చీకటిలో చూడలేదని ఎరిగిన కుమారుడైనచో, ఆమెను వీధి యరుగుపైకి, నీడపట్టున మెత్తని వెలుతురు పడు గడప ప్రక్కకు పిలిచి కూర్చుండబెట్టును. తాను ఆరడుగులు వెనుకకు జరిగి, ఆమె మాటలలో పడి కెమేరాను మరచినంతవరకు వేచి, మీట నొక్కును. చిత్రమును కాగితముపై అచ్చొత్తించి గోడకు తగిలించును.

కెమేరా పాతదే. తల్లి కూర్చున్న చోటు మాత్రము నాలుగడుగులు మారినది.