మనుమలతో ఓడ ప్రయాణం – పెద్దల వంతు

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు చేసిన ప్రసంగపాఠం)



మన సమావేశాల్లో డి.ఆర్. బకాయిలు, మెడికల్ రీయింబర్స్‌మెంటు, లైఫ్ సర్టిఫికెట్లు – ఇవే ఎప్పుడూ మాట్లాడుకుంటాం. ఈసారి కుటుంబాలు కూడా వస్తున్నాయి గనుక ఇంటికి పనికొచ్చే సంగతి ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను ఎంచుకున్న విషయం వింటే కొందరికి నవ్వు రావచ్చు. ఒంటికీ రెంటికీ ఇంకా చెప్పడం రాని పసిపిల్లను వెంటబెట్టుకుని ఓడ ఎక్కడం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఇదేమిటి, మనకెందుకు అనుకోవద్దు. ఈ హాల్లో ఉన్నవారిలో సగంమంది పిల్లలు హ్యూస్టన్‌లోనో, డాలస్‌లోనో, మరోచోటో ఉన్నారు. మనం వీసా మీద వెళ్ళి ఆరు నెలలు ఉండి వస్తున్నాం. "అమ్మా నాన్నా వచ్చారు, ఎక్కడికైనా తీసుకెళ్దాం" అని పిల్లలు ఓడ టిక్కెట్లు కొంటున్నారు. హ్యూస్టన్‌కు దగ్గరలోని గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికో వైపు, ఫ్లోరిడా రేవుల నుంచి బహామాస్ వైపు నాలుగు రోజులు, వారం రోజులు తిప్పి తీసుకొచ్చే ఓడలున్నాయి. మన దగ్గరా ఆ ముచ్చట మొదలైంది. 2022 జూన్‌లో కార్డీలియా కంపెనీవారి ఎంప్రెస్ అనే ఓడ విశాఖపట్నం వచ్చి ప్రయాణికుల్ని ఎక్కించుకుంది. 2023లో అక్కడ ఇలాంటి ఓడల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ కూడా ప్రారంభించారు. అంత దూరం పోకపోయినా, భవానీ ద్వీపానికి బోటు, పాపికొండలకు లాంచీ మనకు ఉండనే ఉన్నాయి. వీటన్నిటిలోనూ మనవల్ని ఎత్తుకునేది చాలావరకు మనమే.

మా అబ్బాయి కుటుంబంతో నేనూ మా ఇంటావిడా అలాంటి ఓడలో అయిదు రాత్రులు గడిపాం. అప్పటికి మనుమరాలికి రెండేళ్ళు నిండి మూడు నెలలు. రెండోరోజు పొద్దున పిల్లకు కొత్త ఈత గౌను తొడిగి కొలను దగ్గరకు తీసుకెళ్ళాం. అక్కడ కాపలా ఉన్న అమ్మాయి మర్యాదగానే ఆపింది. "డైపరు వాడే పిల్లల్ని నీళ్ళలోకి దించకూడదు" అంది. ఈతకోసమే అమ్మే ప్రత్యేకమైన డైపరు వేశామని కోడలు చూపించింది. అదీ కుదరదన్నారు. చుట్టూ పిల్లలు నీళ్ళలో కేరింతలు కొడుతుంటే మా పిల్ల గట్టుమీద గుక్కపట్టి ఏడ్చింది. కోడలి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. ఆ ఏడుపు పిల్ల కోసం కాదు. పక్కనే మా బంధువులావిడ ఒకరు "మా రోజుల్లో ఏడాదికల్లా అన్నీ నేర్పేసేవాళ్ళం" అన్న మాట కోసం.

ఈ రెండు విషయాల గురించే నేను కొంత చదివాను, తెలిసిన పిల్లల డాక్టర్లను అడిగాను. ఒకటి, ఆ రూలు ఎందుకు? రెండు, మన రోజుల్లో నిజంగా ఏం జరిగేది?

ముందు రూలు సంగతి. అమెరికా రేవులకు వచ్చే ఓడలకు అక్కడి ఆరోగ్య శాఖ నియమావళి ఉంది. మరుగుదొడ్డి అలవాటు కాని పిల్లల్ని ఓడ మీది మామూలు ఈతకొలనుల్లోకి, వేడినీళ్ళ తొట్టెల్లోకి రానివ్వరాదని ఆ నియమావళి. ఈత డైపరు గట్టిపదార్థాన్ని కాసేపు ఆపుతుందేమో గాని, సూక్ష్మజీవుల్ని ఆపలేదు. నీళ్ళలో క్లోరిన్ కలుపుతారు కదా అంటారేమో! క్రిప్టోస్పోరిడియం అనే విరేచనాల క్రిమి క్లోరిన్ సరిగ్గా ఉన్న నీళ్ళలో కూడా వారం రోజులకు పైగా బతుకుతుంది. వేలమంది ఒకే చోట తిని, పడుకుని, తిరిగే ఓడలో ఒక్కరికి విరేచనాలు పట్టుకుంటే పాకడానికి ఎంతసేపు? కనుక ఆ అమ్మాయి చేసింది సబబైన పనే. కొన్ని ఓడల్లో డైపరు పిల్లల కోసమే వేరుగా నీటి ఫౌంటెన్లతో చిన్న జాగా ఉంటుంది. అది ఉన్నదో లేదో టిక్కెట్టు కొనకముందే అడగాలి.

రెండో రూలు మనల్ని నేరుగా తాకేది. ఓడల్లో పిల్లల్ని ఆడించే క్లబ్బులుంటాయి. చాలా కంపెనీల్లో అందులో చేర్చుకోవాలంటే మూడేళ్ళు నిండాలి, డైపరు మానేసి ఉండాలి. అంతకంటె చిన్నవాళ్ళకు కొన్ని ఓడల్లో గంటల లెక్కన డబ్బు తీసుకునే నర్సరీ ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. లేనప్పుడు పిల్ల ఎవరి ఒళ్ళో ఉంటుంది? మన ఒళ్ళోనే. ఆర్నెల్లు నిండని పసికందును అసలు చాలా ఓడలు ఎక్కనివ్వవు. ఎక్కువ రోజులు సముద్రం మీదనే ఉండే ప్రయాణాలకు ఏడాది నిండాలంటారు.

ఇక మన రోజుల సంగతి. మా అమ్మమ్మది దివిసీమ. కాలవల మీద రాదారి పడవలు తిరిగే కాలంలో బెజవాడ రావాలంటే పసిపిల్లల్ని వేసుకుని పడవలోనే వచ్చేవారట. ఉచ్చగుడ్డల మూట ఒకటి, పాత చీరెల బొంత ఒకటి, చెంబు ఒకటి – ఇదీ సరంజామా. లాకుల దగ్గర పడవ ఆగినప్పుడు ఆడవాళ్ళు గట్టెక్కి పిల్లల పని చూసుకుని, గుడ్డలు జాడించి, పడవమీద ఆరేసుకునేవారట. ఇళ్ళలోనైతే అమ్మో, నాయనమ్మో కాళ్ళు బారజాపుకుని కూర్చుని, రెండు పాదాల మధ్య పిల్లను కూర్చోబెట్టి, నోటితో "ఉస్స్" అని చప్పుడు చేసేది. పాలు తాగిన ఎంతసేపటికి, నిద్రలేచిన ఎంతసేపటికి కూర్చోబెట్టాలో ఆవిడకు తెలుసు.

ఏడాదికే అలవాటయిందని మనం చెప్పుకునేది దీన్నే. ఆలోచిస్తే, ఆ వయసులో పిల్ల నేర్చుకున్నదానికంటె పెద్దవాళ్ళు ఆ పిల్ల వేళలు నేర్చుకున్నదే ఎక్కువ. ఇంటినిండా ఆడవాళ్ళు, మట్టి పెరడు, నూతి దగ్గర చాకలిబండ ఉంటే ఆ పద్ధతి చక్కగా నడిచింది. దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కాని ఉద్యోగం చేసుకుంటూ, తివాచీ పరిచిన ఇంట్లో, ఒక్కతే పెంచుకునే అమ్మాయిని ఆ కొలబద్దతో కొలవడం న్యాయం కాదు. డాక్టర్లు చెప్పేదేమంటే, వచ్చేదాకా ఆపుకోవడం, ముందుగా చెప్పడం పిల్లలకు సాధారణంగా ఏడాదిన్నరకు, మూడేళ్ళకు మధ్య పట్టుబడుతుంది. రాత్రిపూట పక్క తడపకుండా ఉండడానికి కొందరికి అయిదేళ్ళ దాకా పడుతుంది. రెండేళ్ళ పిల్ల డైపరులో ఉందంటే అది తల్లి సోమరితనమూ కాదు, పిల్ల మందబుద్ధీ కాదు.

ప్రయాణం దగ్గరపడిందని రెండు వారాల ముందు హడావిడిగా నేర్పబూనడం కూడా మంచిది కాదు. కొత్త చోటు, కొత్త తిండి, నిద్రవేళల మార్పు కలిస్తే బాగా అలవాటైన పిల్లలే మళ్ళీ తడుపుకుంటారు. పైగా ఓడ మరుగుదొడ్లలో నీళ్ళను గాలితో పీల్చే ఏర్పాటుంటుంది, మీట నొక్కగానే పెద్ద చప్పుడవుతుంది. ఆ చప్పుడుకు బెదిరి పిల్లలు రెండు మూడు రోజులు బిగబట్టుకుంటారు. మలబద్ధకం వస్తుంది. పిల్లను బయటికి పంపాకే మీట నొక్కాలి. డైపరును గాని, తడిగుడ్డలను గాని ఆ దొడ్లో వేయకూడదు, గొట్టం పూడుకుపోతుంది. చెత్తబుట్టలోనే వేయాలి.

మనం గుమాస్తాలం గనుక ఎస్టిమేటు లేనిదే ఏ పనీ చెయ్యం. రోజుకు ఎనిమిది డైపర్ల చొప్పున, అయిదు రాత్రుల ఓడకు రానుపోను కలిపి ఏడు రోజులనుకుంటే 56. విరేచనాలు పట్టుకుంటాయేమోనని మూడోవంతు అదనం కలిపితే 75. ఓడ మీది దుకాణంలో దొరకకపోవచ్చు, దొరికినా ధర మండిపోతుంది. ఒరిసిపోకుండా రాసే క్రీము, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, రబ్బరు షీటు, రెండు పాత నూలుచీరె ముక్కలు కూడా ఉండాలి. డైపరు మార్చినవారు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఓడల్లో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కు శానిటైజర్ సరిగ్గా పనిచేయదు.

ఇప్పుడు మన నదుల మీదికి వద్దాం. ఇక్కడ చెప్పే మాట అన్నిటికంటె ముఖ్యం. బోటు మీద పసివాడు ఒంటికి అనగానే కొందరు రెండు చేతులతో ఎత్తి, అంచు అవతలికి పట్టుకుని పోయిస్తారు. దయచేసి ఎవ్వరూ ఈ పని చేయవద్దు. బోటు ఒక్క ఊపు ఊగితే మన పట్టు ఎంత? మన మోకాళ్ళ బలమెంత? 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర బోటు తిరగబడి ఇరవైమందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మరో బోటు మునిగింది. ఈ రెండూ మనం మరచిపోకూడనివి. పిల్ల అవసరం కోసం లైఫ్ జాకెట్ విప్పాల్సి వస్తుందని అసలు తొడగకుండా ఉంచడం కూడా చూస్తున్నాను. ఎక్కేముందే గట్టుమీద డైపరు మార్చి, ఆ పైన జాకెట్ తొడిగితే సరిపోతుంది. పెద్దల జాకెట్ పసివాళ్ళకు పనికిరాదు, పైకి జారిపోతుంది. పిల్లల కొలతది, కాళ్ళ మధ్యగా పట్టీ ఉన్నది అడగండి. లేదంటే ఆ రోజుకు బోటు ఎక్కకండి. వాడిన డైపర్లు సంచీలో కట్టి ఇంటికి తెచ్చుకోండి. బ్యారేజీ ఎగువ నీళ్ళే మన బెజవాడ కుళాయిల్లోకి వస్తున్నాయి.

ఇక పని పంపకం. ఓడ ఎక్కాక మూడోరోజున మొహాలు ముడుచుకునేది ఇక్కడే. "మమ్మల్ని చూపించడానికి తీసుకెళ్ళారా, ఆయాలుగా తీసుకెళ్ళారా?" అని మన వాళ్ళు లోలోపల బాధపడడం నాకు తెలుసు. అటు పిల్లలకూ ఏడాదికొక్కసారి దొరికే సెలవు అది. అందుచేత బుక్ చేయకముందే నలుగురూ కూర్చుని డ్యూటీ చార్టు వేసుకోవాలి. పొద్దున ఎవరు, మధ్యాహ్నం నిద్ర దగ్గర ఎవరు, సాయంత్రం భోజనాల వేళ ఎవరు, రాత్రి మార్చేది ఎవరు? అందులో తండ్రి పేరు, తాతగారి పేరు కూడా ఉండాలి. డైపరు మార్చడం పది నిమిషాల్లో వచ్చే విద్య. నేను డెబ్భై దాటాక నేర్చుకున్నాను. మూడోరోజు నుంచి మధ్యాహ్నం డ్యూటీ నాది, ఆ రెండు గంటలు మా కోడలు నిద్రపోయేది. ఆ నిద్ర వల్ల మిగతా ప్రయాణం అందరికీ తేలికగా గడిచింది.

చివరగా, మగవాళ్ళం పైకి చెప్పుకోని సంగతి ఒకటి. గండిపోచమ్మ దగ్గర పాపికొండల లాంచీ ఎక్కగానే మనలో చాలామంది ముందుగా చూసేది కొండల్ని కాదు, బాత్‌రూమ్ ఎక్కడుందో. ప్రోస్టేటు ఉన్నవారు, షుగరు ఉన్నవారు, రాత్రి నాలుగుసార్లు లేచేవారు ఈ హాల్లో ఎందరో ఉన్నారు. దగ్గినా తుమ్మినా ఆగని ఇబ్బందితో పెళ్ళిళ్ళు మానుకున్న సోదరీమణులూ ఉన్నారు. రేపు మనలో కొందరికి డైపరు తప్పకపోవచ్చు. ఆ రోజున దాన్ని మార్చే చేతులు ఈ కోడలివో, కూతురివో, కొడుకువో అవుతాయి. ఆ పిల్లలు మన దగ్గర ఏ మాట, ఏ మొహం చూసి పెరిగారో అదే మనకు తిరిగి వస్తుంది. రెండేళ్ళ పిల్ల తడుపుకున్నప్పుడు "ఛీ, సిగ్గులేదూ" అనకుండా, "ఫరవాలేదమ్మా, మార్చుకుందాం రా" అంటే ఆ మాట ఇంట్లో అందరూ నేర్చుకుంటారు. మన ఇబ్బంది కూడా దాచుకోకుండా పిల్లలకు ముందే చెబితే, దొడ్డికి దగ్గరగా ఉన్న సీటో, తగిన క్యాబినో వారే చూస్తారు.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. పిల్లకు ఇంకా అలవాటు కాలేదని ప్రయాణం మానుకోవద్దు, ప్రయాణం ఉందని పిల్లను తొందరపెట్టవద్దు. రూళ్ళు ముందుగా కనుక్కోండి, సామాను లెక్కగా సర్దుకోండి, పని పంచుకోండి. వచ్చే వేసవిలో అమెరికా వెళ్ళే సభ్యులెవరికైనా సామాను జాబితా కావాలంటే, నా చేతిరాతతో ఉన్న కాగితం కార్యదర్శిగారి దగ్గర పెట్టాను, ప్రతి తీసుకోవచ్చు.