పెద్దదారిలో మొదటి భాగము
(తల్లిదండ్రుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



మన పాఠశాల తొమ్మిదవ తరగతి బాలబాలికలను రానున్న అక్టోబరు మాసాంతమున సింగలీలా జాతీయోద్యానమునకు పాదయాత్రగా తీసికొనిపోవ సంకల్పించితిమి. ఈ మాట బయటపడిన నాటినుండి మీలో పలువురు మా యొద్దకు వచ్చి మూడు ప్రశ్నలు వేయుచున్నారు. ఎంతదూరము నడిపింతురు? కొండమీద బిడ్డకు జబ్బుచేసిన గతియేమి? ఆడపిల్లలను పంపవచ్చునా? ఈ మూడును న్యాయమైన ప్రశ్నలే. వానికి సమాధానము చెప్పుటకే నేడు మీ ముందు నిలిచితిమి.

సింగలీలా పశ్చిమబెంగాలులోని డార్జిలింగు జిల్లాలో, నేపాళపు సరిహద్దు పొడవున సాగిన కొండవరుస. 1992లో జాతీయోద్యానమైనది. మానేభంజన్ అను చిన్న ఊరినుండి 31 కిలోమీటర్లు నడచిన సందక్‌ఫూ శిఖరము వచ్చును. దాని ఎత్తు 3,636 మీటర్లు. ఆకాశము నిర్మలముగా నున్నచో అచటినుండి 8,586 మీటర్ల కాంచనగంగయు, దూరమున ఎవరెస్టును కానవచ్చును. అచటినుండి కొండకొమ్ము వెంబడి మరి 21 కిలోమీటర్లు పోయిన ఫాలుట్ చేరుదుము. పిమ్మట గోర్ఖే, శ్రీఖోలా మీదుగా రింబిక్‌కు దిగవలెను. అంతయు కలిసి ఆరేడు దినముల నడక.

ఇంత దారిని మొదటి పర్యాయమే పిల్లలచేత నడిపింపము. దీనిని రెండు భాగములు చేసితిమి. ఈ సంవత్సరము మానేభంజన్ నుండి సందక్‌ఫూ వరకు మాత్రమే. ఈ పిల్లలే పదవ తరగతి పరీక్షలు వ్రాసిన పిమ్మట, ఏప్రిల్ మాసమున, కొండలపై రోడోడెండ్రాన్ పూలు విరియు వేళ, రింబిక్ వైపునుండి ఎక్కి ఫాలుట్ మీదుగా సందక్‌ఫూ చేరుదురు. మొదటి భాగము ముగిసినచోటనే రెండవదియు ముగియును. పెద్ద గ్రంథమును ఒక్క రాత్రిలో చదువుమని ఏ ఉపాధ్యాయుడును చెప్పడు గదా!

మొదటి భాగముగా దీనినే ఎన్నుకొనుటకు కారణమున్నది. మానేభంజన్ నుండి సందక్‌ఫూ వరకు జీపులు పోవు బాట కలదు. రెండు మూడు గంటలు నడచునప్పటికి ఏదో ఒక పల్లె, వసతిగృహము, వేడినీరు దొరకును. నడువలేని బిడ్డను ఆ దినమే బండిలో దింపవచ్చును. ఫాలుట్ దారిలో ఇండ్లు అరుదు. కావున అది రెండవ పర్యాయమునకు ఉంచితిమి.

ఇక జబ్బు మాట. మన బరంపురము సముద్రమునకు చేరువనున్నది. సందక్‌ఫూ ఎత్తున గాలి ఒత్తిడి మన తీరమున నున్న దానిలో సుమారు మూడింట రెండు పాళ్లే. తొందరపడి ఎక్కినవానికి, వాడెంత బలశాలియైనను, తలనొప్పి, వాంతి, అన్నద్వేషము కలుగవచ్చును. దీనికి ముఖ్యమైన మందు నెమ్మది. మొదటి రాత్రి మానేభంజన్‌లో నిద్ర. మరునాడు సుమారు 11 కిలోమీటర్లు నడచి టుమ్లింగు. రెండవ దినమున గైరీబాస్ లోయకు దిగి, తిరిగి ఎక్కి, కాలీపోఖ్రీ. మూడవ దినమున సుమారు ఆరు కిలోమీటర్లే. కాని అది యావత్తు యాత్రలో నిలువైన ఎక్కుడు. శిఖరముపై ఒక రాత్రి గడపి, మరునాడు బండ్లలో దిగివత్తుము.

తలనొప్పి యన్న బిడ్డను ఆనాడు పైకి ఎక్కింపము. విశ్రాంతితో తగ్గనిచో ఒక ఉపాధ్యాయుడు వెంటనుండి క్రిందికి దింపును. అందరికన్న మెల్లగా నడచువారు వరుసలో ముందుందురు. వారి నడకయే అందరి నడక. శిఖరము చూడక తిరిగివచ్చిన విద్యార్థిని ఎవరును ఎగతాళి చేయరాదని తరగతిలో ఇప్పుడే చెప్పియుంచితిమి. ఇంటిలో మీరును చెప్పుడు.

ఆడపిల్లల విషయము. ఇద్దరు ఉపాధ్యాయినులు మొదటినుండి చివరివరకు వెంట నుందురు. బాలికలకు పడక వేరుగదిలో, ఉపాధ్యాయినులతోనే. స్థానికుడైన మార్గదర్శి లేనిదే ఉద్యానములో నడువనీయరు గనుక అతనిని మానేభంజన్‌లోనే కుదుర్చుకొందుము. టుమ్లింగు నేపాళ భూభాగములోనిది. సరిహద్దు కావలివారు అడుగుదురు గనుక ప్రతి బిడ్డయొద్దను ఫోటోతోకూడిన గుర్తింపు కార్డు ఉండవలెను.

మేము పర్వతారోహణ నిపుణులము కాము. ఈ దారిని లోగడ ఒకసారి నడచిన ఉపాధ్యాయులము మాత్రమే. అందుచేతనే సాధన విషయమున పట్టుదలగా నున్నాము. ఆగస్టు మొదలు ప్రతి ఆదివారము ఉదయము నడక. నెలకొకసారి తారాతారిణి కొండ 999 మెట్లు, వీపున సంచితో, రెండుమార్లు ఎక్కిదిగవలెను. దసరాకు ముందు మహేంద్రగిరిపై ఒక దినము. ఈ మూడింటికిని రానివారిని యాత్రకు తీసికొనిపోము.

సామానులో కొత్తదనము వలదు. కొత్త బూట్లు కొనువారు ఇప్పుడే కొని, రోజును తొడిగి అలవాటు చేయుడు. కొండపై తొడిగిన కొత్త బూటు మొదటి దినముననే మడమ కొరుకును. నూలు బట్ట చెమటకు తడిసిన ఆరదు, చలి పుట్టించును. ఉన్నిబట్ట ఒక జత, ఉన్ని టోపీ, వాన కోటు, చేతిదీపము, రెండు లీటర్ల నీరు పట్టు సీసాలు చాలును. దారి తిండికి వేయించిన శనగలు, బెల్లము, అటుకులు కట్టి ఇండు. సంచి బరువు బిడ్డ బరువులో ఆరవవంతు మించరాదు. ఉన్నిబట్టలు కొనలేనివారు సంకోచింపక మాతో చెప్పుడు. పెట్టెలో ఊరక పడియున్నవి కలవారు పాఠశాలకు ఎరువిండు.

చివరగా ఒక్క ప్రార్థన. అంగీకారపత్రముతోపాటు వైద్యుని పరీక్షాపత్రమును కోరుచున్నాము. ఉబ్బసము, మూర్ఛ, గుండెజబ్బు వంటివి ఉన్నచో దాచవలదు. యాత్రకు తీసికొనిపోరేమో యని కొందరు, ఆడపిల్ల పెండ్లికి అడ్డమగునేమో యని కొందరు ఇటువంటివి దాచుట మేమెరుగుదుము. మాతో చెప్పిన మాట మా యొద్దనే యుండును. చెప్పిన జబ్బునకు మందు మా సంచిలో నుండును. దాచిన జబ్బునకు కొండపై మందు దొరకదు. పత్రములు ఈ నెలాఖరులోగా అందజేయుడు. సంతకము చేయుటకు ముందు, పోవ నిష్టమున్నదా యని బిడ్డనుగూడ ఒక్కమాట అడుగుడు.