పేరు ఆమెది, పాస్‌వర్డ్ ఎవరిది?

(తిరుపతిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశీ షేర్ల గురించి మాట్లాడతానంటే నిన్న ఒక మిత్రురాలు నవ్వింది. "సంఘం అప్పులు తీరక మనవాళ్ళు అల్లాడుతుంటే అమెరికా షేర్లేంది అక్కా?" అంది. నిజమే. కానీ మన శ్రీసిటీలో కోల్గేట్ ఫ్యాక్టరీ ఉంది, క్యాడ్‌బరీ చాక్లెట్లు చేసే మాండెలెజ్ ఫ్యాక్టరీ ఉంది. వాటి మాతృసంస్థల షేర్లను ఇప్పుడు తిరుపతిలో కూర్చుని కొనవచ్చు. అలా కొన్నవి కొన్ని ఇళ్ళలో స్త్రీల పేరు మీద ఉంటున్నాయి. పేరు మాత్రమే ఆమెది. అందుకే ఈ విషయం ఎత్తుకున్నాను.

చిత్తూరులో రిటైరైన ఒక టీచరమ్మతో మాట్లాడాను. "ఆయన సంతకం పెట్టమన్నాడు, పెట్టినా. అందులో నా గ్రాట్యుటీ డబ్బు కూడా ఉంది" అన్నారామె. ఏ కంపెనీ షేర్లో, ఎన్నో ఆమెకు తెలియదు. ఆమె సంతకం ఎందుకు కావలసి వచ్చింది?

రిజర్వు బ్యాంకు 2004లో ఒక పథకం పెట్టింది. మొదట ఏడాదికి 25 వేల డాలర్లు, 2015 నుంచి రెండున్నర లక్షల డాలర్ల దాకా మనిషికింత అని విదేశాలకు పంపుకోవచ్చు. పెట్టుబడి కోసం పంపే సొమ్ము ఏడాదికి ఒక హద్దు దాటితే, దాటినదాని మీద బ్యాంకు 20 శాతం పన్ను ముందే పట్టుకుంటుంది. 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు 10 లక్షలు. రిటర్ను వేస్తే ఆ పన్ను సర్దుబాటవుతుంది, కానీ అంతదాకా డబ్బు ఇరుక్కుపోతుంది కదా! కాబట్టి ఇంటాయన తన హద్దు అయిపోగానే భార్య పాన్ కార్డు తీస్తాడు, తర్వాత తల్లిది.

భర్త తన డబ్బును భార్య పేరున పెడితే దాని మీద వచ్చే ఆదాయాన్ని పన్ను చట్టం భర్త ఖాతాలోనే కలుపుతుంది. అది ఎవరి సొమ్మో చట్టానికి తెలుసన్నమాట. అయితే విదేశీ ఖాతా తన పేరున ఉన్నందుకు రిటర్నులో చూపించాల్సిన బాధ్యత మాత్రం ఆమెదే. ఆ లెక్క ఏప్రిల్ నుంచి మార్చికి కాదు, జనవరి నుంచి డిసెంబరుకు. చూపకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా వేయవచ్చు. స్థిరాస్తి కాకుండా మిగతా విదేశీ ఆస్తులు మొత్తం 20 లక్షలకు మించకపోతే 2024 అక్టోబర్ నుంచి ఆ జరిమానా లేదు. చూపించడం మాత్రం తప్పదు. 2024 నవంబరులో పన్ను శాఖ ఇలాంటివాళ్ళకు సందేశాలు పంపింది. మన టీచరమ్మకూ ఒకటి వచ్చింది. తనకు అమెరికాలో ఆస్తి ఉన్న సంగతి అలా గుర్తుచేశారన్నమాట!

ఇక తక్కువ ఫీజు మాట. "కమిషన్ సున్నా" అన్న ప్రకటన చూసి మోసపోవద్దు. అమెరికాలో చార్లెస్ ష్వాబ్ వంటి పెద్ద సంస్థే 2019 అక్టోబరులో ఇంటర్నెట్లో కొనే షేర్లకు కమిషన్ తీసేసింది. ఖర్చు వేరేచోట దాక్కుంటుంది: రూపాయిని డాలరుగా మార్చే రేటులో, డబ్బు పంపే ఛార్జీలో, వెనక్కి తెచ్చుకునేటప్పుడు కోసే రుసుములో. మాటవరసకు బ్యాంకు ప్రతిసారీ వెయ్యి రూపాయలు తీసుకుంటుందనుకుందాం. నెలకు 20 వేలు పంపితే ప్రతినెలా 5 శాతం పోయినట్టే. అదే ఏడాదికొకసారి 2,40,000 పంపితే పోయేది అర శాతం కూడా కాదు. చీటీలు కట్టే మన ఆడవాళ్ళకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

డివిడెండు మీద అమెరికా ముందుగానే 25 శాతం పట్టుకుంటుంది. ఇక్కడ కట్టాల్సిన పన్నులో దాన్ని సర్దుకోవచ్చు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మరణం తర్వాతి సంగతి. మనవాళ్ళెవరైనా చనిపోయేనాటికి అమెరికా కంపెనీల షేర్లతో సహా అక్కడ ఉన్న ఆస్తి 60 వేల డాలర్లు దాటితే, ఆ దేశపు వారసత్వ పన్ను రిటర్ను వేయాలి. దీని మీద భారత్‌తో ఒప్పందం లేదు. మొగుడు పోయిన ఆవిడ, లాగిన్ కూడా తెలియని ఆవిడ, ఈ కాగితాలన్నీ ఎట్లా తెస్తుంది? నామినీ సదుపాయం అన్ని సంస్థల్లోనూ ఉండదు. నా మటుకు నేను ఖాతా తెరిచే ముందు ఫీజు కంటే ముందు అడిగేది ఇదే: నేను పోతే మా అమ్మాయి ఏ కాగితాలు చూపాలి? జవాబు రాతపూర్వకంగా ఇవ్వని సంస్థ ఎంత చవకైనా నాకొద్దు.

1986లో మన రాష్ట్రం, 2005లో దేశం కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో హక్కిచ్చాయి. అప్పట్లో కనీసం పాసుపుస్తకం బీరువాలో ఉండేది, తాళంచెవి అడగవచ్చు. ఈ ఆస్తి మాత్రం మొగుడి ఫోన్లో ఉంటుంది.

టీచరమ్మ ముందుగా చేసిన పని ఖాతాలో ఫోన్ నంబరు, ఈ-మెయిలు తనవి పెట్టించడం. మూడు వారాలు పట్టింది. తర్వాత స్టేట్‌మెంటు తీసి ప్రింటు కొట్టించుకున్నారు, రిటర్ను తానే దగ్గరుండి సరిచేయించారు. ఆయన రెండు రోజులు పలకలేదంట. "మూడో రోజు కాఫీ అడిగినాడు. ఇచ్చినా. పాస్‌వర్డు మాత్రం ఇయ్యలా" అన్నారు.